మూడో పిలుపు

దగ్గరికి జరిగి కూర్చోండి. వీపు గోడకు ఆనించుకోండి, తలుపు వైపు పెట్టకండి. పొయ్యి మీద ఏమన్నా ఉంటే దించి రండి, మళ్లీ మధ్యలో లేవద్దు. చిన్నపిల్లలుంటే ఒళ్లోకి తీసుకోండి. భయం మాట చెప్పుకునేటప్పుడు మనిషికి మనిషి ఆనుకుని ఉండాలని మా అమ్మ అనేది. నేను చెప్పబోయేది భయం మాటే.

నేను చదివింది రెండో తరగతి. బస్సు బోర్డు కూడబలుక్కుని చదివేలోపు బస్సు వెళ్లిపోతుంది. కానీ విన్నది మాత్రం మరిచిపోను. ఎవరు ఏ గుమ్మంలో నిలబడి ఏ మాట అన్నారో, అప్పుడు వాళ్ల చేతిలో చేట ఉందో చెంబు ఉందో, అంతా అలాగే ఉంటుంది నా దగ్గర. అందుకని ఇది ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాననే నమ్మండి.

మాది అడవి అంచు పల్లె. భద్రాచలం పోయే రోడ్డు దిగి, మట్టిబాట పట్టి, వాగు దాటితే వస్తుంది. ముందు పత్తి చేలు, వెనక అడవి. ఎండాకాలం మొదట్లో ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారుజామునే గంపలు పట్టుకుని పోవాలి. ఆలస్యమైతే పశువులు తినేస్తాయి. మరీ ముందు పోతే ఎలుగుబంటి ఇంకా అక్కడే ఉంటుంది. మసక వెలుతురులో చెట్టుకొకరుగా చెదిరిపోయి ఏరుతాం. ఒకరికొకరం కనపడం కాబట్టి పిలుచుకుంటూ ఉంటాం.

ఆ పిలుపుకు ఒక కట్టడి ఉంది. మొహం కనపడకుండా ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకకూడదు. రెండోసారి పిలిచినా పలకకూడదు. మూడోసారికి "ఆఁ" అనాలి. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు, మనతో పని ఉంటుంది కాబట్టి. మనిషి కానిది ఒకటి రెండుసార్లు పిలిచి ఊరుకుంటుంది, అదీ మనకు ఇష్టమైనవాళ్ల గొంతుతో. ఈ కట్టడి మా పల్లెదా, పక్కనున్న కోయగూడెం వాళ్లదా అని ఎవరూ విచారించలేదు. వాళ్లూ పాటిస్తారు, మేమూ పాటిస్తాం.

నాకు వదిన వరసయ్యే ఒకామె పాటించలేదు. పువ్వు ఏరుతుంటే వాళ్లక్క గొంతుతో ఒక్క పిలుపు వినపడిందట. "ఆఁ, వస్తన్న" అని గంప అక్కడే పెట్టి పోయింది. వాళ్లక్కేమో ఆ పూట జ్వరంతో ఇంట్లో పడుకుని ఉంది. పొద్దెక్కినాక వాగు అవతల దొరికింది వదిన, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుని. ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. కానీ ఆనాటి నుంచి మనం ఈ పక్క నుంచి మాట్లాడుతుంటే ఆమె తల ఆ పక్కకు తిరిగేది, అక్కడ ఇంకెవరో మాట్లాడుతున్నట్టు. ఆ తల తిప్పడం నేను కళ్లారా చూశాను. అన్నం ముద్ద నోటి దగ్గర పెట్టుకుని కూడా అలాగే తిప్పేది.

ఇక అసలు సంగతి. నా కొడుకు కూతురు, నా మనవరాలు, ఆ పల్లెలోనే నా కొంగు పట్టుకుని పెరిగింది. కొడుక్కు బొగ్గుబాయిలో టిప్పర్ నడిపే పని దొరికితే, చేను కౌలుకిచ్చి అందరం కాలనీకి వచ్చేశాం. రేకుల ఇల్లు, కిరాయిది. మధ్యాహ్నం సైరన్ మోగి ఓపెన్ కాస్ట్‌లో బొగ్గు కోసం నేలను పేలిస్తే గూట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. కోడలు ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. పిల్లను కాలనీ బడిలో నాలుగో తరగతిలో వేశాం. పెద్ద బడి, గదుల నిండా పిల్లలు.

మొదటి పరీక్షలైనాక బడి నుంచి గ్రేడుల కాగితం వచ్చింది. కోడలు మిషన్ ఆపి చదివింది.

"అత్తమ్మా, లెక్కలల్ల ఏ. తెలుగుల ఏ. రాసుడంత మంచిగున్నది. గీ కింద చూడు, అన్ని సీలే."

"గా కింద ఏమున్నది?"

"ఇనుడు, పలుకుడు, తనంతట తను అడుగుడు, నలుగురితోని కలిసి పనిచేసుడు."

"గవి గూడ బళ్లె నేర్పుతరానే? గవి పుట్టంగనే వస్తయి గద."

"నేర్పరు అత్తమ్మా. చూస్తరు. చూసి గ్రేడ్ ఏస్తరు."

చూస్తారు అన్న ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. మా కాలంలో పలక మీద తప్పు రాస్తే పంతులు తుడిచి మళ్లీ రాయించేవాడు. పలక తుడిస్తే తప్పూ పోయేది. కూర్చోవడం, లేవడం, మాట్లాడటం, మాట్లాడకపోవడం కూడా ఎవరో చూసి గీసి పెట్టుకుంటుంటే, దాన్ని ఏ తడిగుడ్డతో తుడవాలి?

నాలుగు రోజులు తిరక్కముందే టీచరమ్మ రమ్మంది. నేనూ కోడలూ పోయాం. టీచరమ్మది మధిర వైపు, మాట మెత్తన. మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టింది. అంత మర్యాద చేసేసరికే కబురు మంచిది కాదని తెలిసిపోయింది. దవాఖానాలో కూడా మంచి కబురైతే నిలబెట్టే చెబుతారు.

"పెద్దమ్మగారూ, పిల్ల తెలివైనదే. రాతపని ఇస్తే అందరికన్నా ముందు చూపిస్తుంది. హాజరు నంబర్లతో పిలుస్తాం కదా, దానికి 'ప్రెజెంట్' అంటుంది. పేరు పెట్టి పిలిస్తే మాత్రం రాయిలా కూర్చుంటుంది. జట్టు పనిలోనూ అంతే. వెనక నుంచి పిల్లలు పిలిస్తే కదలదు."

"ఇంట్ల మంచిగనే పలుకుతది మేడం," అన్నాను.

"అందరూ అలాగే అంటారండీ." ఆమె వెటకారంగా అనలేదు, అలసటగా అంది. "ఇప్పుడు చదువంటే రాసిందొక్కటే కాదు. విన్నదానికి ఎలా స్పందిస్తుంది, ఏం అడుగుతుంది, పక్కవాళ్లతో ఎలా కలుస్తుంది, అన్నీ చూసి పైకి పంపాలి. ముందు చెవులు చూపించండి. చెవులు బాగుంటే ఇంకో రకం డాక్టరుకు చూపించాలి. ఖమ్మంలో ఇలాంటి పిల్లలకు వేరే బడి ఉంది, హాస్టలుతో సహా. మంచి బడే. ఏడాది చివరికి కూడా ఇలాగే ఉంటే, అక్కడ వేయమని నేను రాయక తప్పదు."

ఇలాంటి పిల్లలు. ఆ రెండు మాటలూ చెప్పుల్లో రాళ్లలాగా ఇంటిదాకా వచ్చాయి. గుమ్మంలో పక్కింటామె పప్పు చెరుగుతూ కూర్చుని ఉంది, ఆమెకు అప్పటికే తెలిసిపోయింది.

"ఏంది పెద్దమ్మా, మీ పిల్ల బళ్లె నోరిప్పదంట గద? అడివిల పెరిగింది గద, చెట్లతోనైతే మాట్లాడుతదేమో!"

"నీ పప్పుల రాళ్లున్నయి, అవి ఏరుకో ముందు," అన్నాను. అన్నానే కానీ లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టుకున్నాను.

దవాఖానాకు తీసుకెళ్లాం. డాక్టరు పిల్ల వెనక నిలబడి గంట వాయించాడు, చెవులకు ఏవో తగిలించి మిషన్ తిప్పాడు. వినపడ్డప్పుడల్లా వేలెత్తమన్నాడు. పిల్ల వేలెత్తుతూనే ఉంది.

"ఈ పిల్లకు గోడ అవతల చీమ నడిచినా ఇనపడుతది. చెవులకేం కాలే," అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వు మా ఇద్దరిలో ఎవరికీ అంటుకోలేదు. చెవి బాగోలేదంటే మందు పోస్తారు, మిషన్ పెడతారు. చెవి బాగుందంటే, ఇక బాగోలేనిది ఇంకా లోపల ఎక్కడో ఉన్నట్టే కదా. కోడలు బస్సులో పిల్ల తలను రొమ్ముకు అదుముకుని కూర్చుంది, ఎవరో లాక్కుపోవడానికి వస్తున్నట్టు.

సాయంత్రం కొడుకు డ్యూటీ దిగి వచ్చాడు, కనురెప్పల మీద కూడా బొగ్గు. సంగతి విని పిల్ల మీద విరుచుకుపడ్డాడు.

"పేరు పెట్టి పిలిస్తే పలకనీకి ఏం రోగమే నీకు?"

"పిల్ల మీద అరిస్తే నోరొస్తదా?" అంది కోడలు.

"మరేం చెయ్యమంటవ్? హాస్టల్ల ఇడిచిపెట్టి రమ్మంటవా? గక్కడ ఎవల పక్కన పంటదో, ఏం తింటదో! మాటే రాదని రాసి పంపినంక మాటొచ్చినోళ్ల మధ్యకు మళ్ల ఎవడు రానిస్తడు?"

వాడిది కోపం కాదు. భయం మగవాళ్ల దగ్గర అలా బయటికి వస్తుంది. పిల్ల తలుపు రెక్క పట్టుకుని అంతా వింటోంది. తొమ్మిదేళ్ల పిల్ల. నేను పిలిచాను, వచ్చి నా పక్కన కూర్చుంది. చూశారా, ఇంట్లో పిలిస్తే వస్తుంది! అదే మాకు అంతుబట్టనిది.

మర్నాడు పొద్దున్నే జడ వేస్తూ మెల్లగా అడిగాను.

"బిడ్డా, టీచరమ్మ పిలిస్తే పలుకుతలేవంట. ఎందుకు?"

"పిలువలే నాయనమ్మా."

"పిలిచిందంట గద."

"పిలువలే. పిలుస్తదేమోనని రోజు చూస్తున్న. పిలువనే పిలువది."

దువ్వెన మధ్యలో ఆపాను. "మరి నీకేం ఇనపడదా?"

"పేరు ఇనపడుతది."

"ఎవల గొంతు?"

"టీచరమ్మ గొంతే." రిబ్బను వేలికి చుట్టుకుంది. "గొంతు ఆమెదే. కానీ ఆమె అవునో కాదో!"

నా చేతుల్లో జడ పాయలు విడిపోయాయి. పిల్ల వీపు నా వైపు ఉంది కాబట్టి నా మొహం చూడలేదు. నాకు మా వదిన కనపడింది, ముద్ద నోటి దగ్గర పెట్టుకుని పక్కకు తల తిప్పుతూ. అడవి మా వెంట వచ్చింది అనుకున్నాను. వాగు దాటి, బస్సెక్కి, ఈ రేకుల ఇంటిదాకా, ఆ బడి గదిదాకా వచ్చి, టీచరమ్మ గొంతు పెట్టుకుని నా పిల్లను పిలుస్తోంది అనుకున్నాను. పిల్ల పలకడం లేదు కాబట్టి బతికింది. పలకడం లేదనే వీళ్లు హాస్టలుకు పంపుతామంటున్నారు. ఎటు పోయినా పిల్ల నా చేతిలో మిగలదు.

కొడుక్కు చెప్పలేదు. కోడలికీ చెప్పలేదు. చెబితే నిజమవుతుందని భయం. ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేశాను. మిరపకాయల ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని మాకు లెక్క. నల్లదారం కట్టాను. ఆ నెలంతా పిల్లను నేనే బడిలో దించి, గోడ పక్కన చింతచెట్టు నీడలో కూర్చునేదాన్ని. కిటికీలోంచి పిల్లల చదువు ఒకే హోరుగా వినపడేది. అందులో నా పిల్ల గొంతు వెతికేదాన్ని. సైరన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని.

"ఏంది పెద్దమ్మా, నువ్వు గూడ నాలుగో తరగతి చదువుతున్నవా?" అనేది పక్కింటామె.

"అవ్, నువ్వు గూడ వస్తే నీకు నేర్పుత తియ్," అనేదాన్ని.

ఏడాది చివర్న బడి వాళ్లు తల్లిదండ్రులను పిలిచారు. పిల్లలు జట్లు జట్లుగా ప్రాజెక్టులు చెప్పాలి, ప్రతి పిల్లా లేచి ఒక ప్రశ్న అడగాలి. దాన్ని చూసి ఆఖరు గ్రేడులు వేస్తారు. కొడుక్కు డ్యూటీ పడింది. పోతూ పోతూ పిల్ల తల మీద చెయ్యి వేసి, "ఒక్కమాట మాట్లాడు బిడ్డా, ఏదో ఒకటి, ఏదైనా సరే," అన్నాడు. నేనూ కోడలూ వెనక బల్ల మీద కూర్చున్నాం.

పిల్ల జట్టుది నీళ్ల ప్రాజెక్టు. వాగు నుంచి బిందెదాకా నీళ్లు ఎలా వస్తాయో అట్ట మీద బొమ్మ వేశారు. బొమ్మంతా మా పిల్ల చెయ్యేనని నాకు తెలిసింది, ఆ వాగు ఒడ్డున రాయి మా పల్లెది. జట్టులో ఒక్కొక్కరే లేచి చెప్పారు. టీచరమ్మ బల్ల దగ్గర వంగి, ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో గ్రేడుల కాగితం పట్టుకుని, తల దించుకునే పేర్లు పిలుస్తోంది. మా పిల్ల పేరు పిలిచింది.

పిల్ల కదల్లేదు.

గదిలో ఎవరో పెన్ను కింద పడేసుకున్నారు. నేను పిల్లనే చూస్తున్నాను. గౌను మీద పెట్టుకున్న చేతిలో చిటికెన వేలు మెల్లగా లోపలికి ముడుచుకుంది.

టీచరమ్మ తల ఎత్తకుండానే ఇంకోసారి పిలిచింది. తల్లిదండ్రులున్నారని కాబోలు, మామూలుగా అన్నిసార్లు పిలవదట. పిల్ల చిటికెన వేలు పక్క వేలు కూడా ముడిచింది. మెడ నిటారుగా పెట్టి, ఊపిరి బిగపట్టి, మూడో వేలు సగం వంచి కూర్చుంది, ఇప్పచెట్టు కింద మేం పిలుపులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నట్టు.

అప్పుడు తట్టింది నాకు.

"ఇంకొక్కసారి" అని అరవాలనుకున్నాను. అరవలేదు. ఎందుకో చెబుతాను వినండి. ఇంకోసారి పిలిచినాక కూడా పిల్ల పలకకపోతే? అప్పటిదాకా ఉన్న భయాలన్నీ ఒక ఎత్తు, ఆ క్షణంలో ఆశ వెంట పుట్టిన భయం ఒక ఎత్తు. టీచరమ్మ నిట్టూర్చి కాగితం మీద ఏదో గీసి, పక్క పిల్లవాడి పేరు పిలిచింది. నా పిల్ల ముడిచిన వేళ్లు ఒక్కొక్కటీ విప్పుకుంది. ఎన్ని నెలలుగా అలా ముడిచి విప్పుకుంటోందో!

కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. పక్కింటామె కూడా వచ్చింది, ఆమె కొడుకుదీ అదే తరగతి.

చివరికి ప్రశ్నల వంతు వచ్చింది. దీనికి మాత్రం టీచరమ్మ లేచి, ఒక్కొక్క పిల్ల ముందుకూ వచ్చి నిలబడి అడిగించింది. మా పిల్ల దగ్గరికి వచ్చేసరికి కొంచెం ఆగింది. వంగి, మొహంలోకి మొహం పెట్టి చూసి, "నువ్వేమైనా అడుగుతావామ్మా? ఏదైనా సరే," అంది, ఆశ లేకుండానే.

పిల్ల లేచి నిలబడింది.

"మేడం, మీరు మూడోసారి ఎందుకు పిలువరు?"

వంగిన టీచరమ్మ నిటారుగా నిలబడింది.

"మూడోసారా?"

"మొహం కనపడకుండ పిలిస్తే మూడోసారిదాక పలుకొద్దు గద. మీరు కాగితంల చూసుకుంట పిలుస్తరు. పిలిచింది మనిషో కాదో మాకెట్ల తెలుస్తది?"

"అరేయ్, మేడం దయ్యమంట రా!" అన్నాడు పక్కింటామె కొడుకు. పిల్లలంతా బల్లలు చరిచి నవ్వారు. తల్లులు కూడా నోళ్లకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మా పిల్ల నవ్వలేదు. జవాబు కోసం నిలబడే ఉంది. టీచరమ్మ కూడా నవ్వబోయి ఆగింది. నా వైపు తిరిగింది.

"పెద్దమ్మగారూ, ఏమంటోంది ఈ పిల్ల?"

లేచి నిలబడ్డాను. "అవ్ మేడం. మా దిక్కు గట్లనే. అడివి అంచున ఉండెటోళ్లం. ఒంటి పిలుపుకు పలుకం. పిల్ల గిక్కడ గూడ గదే పట్టుకున్నది. మాకు తట్టలే."

టీచరమ్మ ఫోను, కాగితం బల్ల మీద పెట్టేసి, తలుపు బయటికి పోయి నిలబడింది. మొహం కనపడకుండా. అక్కడి నుంచి పిల్ల పేరు పిలిచింది. ఆగింది. మళ్లీ పిలిచింది. ఆగింది. గదిలో ఒక్కరూ కదల్లేదు, నవ్విన పిల్లలు కూడా. నేను కోడలి చెయ్యి పట్టుకున్నాను, ఆమె గోళ్లు నా చేతిలో దిగాయి. మూడోసారి పిలిచింది.

"ఆఁ! ఉన్న మేడం!"

వాగు అవతలికి వినపడేలా అరిచింది పిల్ల. ఏడాదిగా దాచుకున్న గొంతంతా ఒక్కసారే వచ్చింది. కోడలు బల్ల మీద తల పెట్టి ఏడ్చింది.

టీచరమ్మ లోపలికి వచ్చి, పిల్ల ముందు కూర్చుని ఒప్పందం చేసుకుంది. "బడిలో మాత్రం ఒక్కసారికే పలకాలి, సరేనా? నేను తలెత్తి పిలుస్తాను."

"మరిచిపోతే?"

"ఇంతమంది గ్రేడులు సాయంత్రంలోపు ఫోనులో ఎక్కించాలి నేను. తలెత్తితే వరస తప్పుతుందని భయం. మరిచిపోతానమ్మా నిజమే. అప్పుడు నువ్వే గుర్తు చెయ్యి."

అప్పుడు తెలిసింది, ఆమెను చూసేవాళ్లు కూడా పైన ఎవరో ఉన్నారని.

ఇంటికి వస్తూ కోడలు అడిగింది. "అత్తమ్మా, ఇంట్ల మనం గూడ మూడుసార్లు పిలుస్తమా?"

"ఏమోనే. పిలుస్తమా?"

గుమ్మం ఎక్కగానే కొడుకు పెరట్లో స్నానం చేస్తున్న చప్పుడు. కోడలు సంగతి చెబుదామని గబగబా పిలిచింది. "ఏమయ్యా, ఓ అయ్యా, నిన్నే అయ్యా!" పిలిచి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అప్పుడు పెరట్లోంచి "ఆఁ" అన్నాడు వాడు. ఇద్దరం గుమ్మంలోనే కూలబడి నవ్వాం. ఊపిరి లెక్కపెట్టుకుంటామా ఎవరమైనా? మా పిలుపూ అంతే. పల్లె బడిలో పంతులు పిల్లల మధ్యనే చాప మీద కూర్చునేవాడు, మొహం చూసే పిలిచేవాడు. అందుకే అక్కడా బయటపడలేదు. ఆ సాయంత్రం కొడుకు మిర్చి బజ్జీలు తెచ్చాడు. పక్కింటికి కూడా పంపాను.

గ్రేడుల కాగితంలో అడగడం దగ్గర ఏ వచ్చింది. పలకడం దగ్గర బీ. హాస్టలు మాట మళ్లీ రాలేదు. ఇక్కడితో అయిపోయిందని మీరు లేవబోతున్నారు. కూర్చోండి. భయం అలా పోదు.

ఎండాకాలం సెలవులకు పల్లెకు పోయాం, కౌలు మాట్లాడుకోవడానికి. ఇప్పపువ్వు ఆఖరు రాలు. పిల్లను తీసుకుని తెల్లవారుజామున చెట్ల కిందికి పోయాను. మసక వెలుతురు పొగలాగా ఉంది. నేనొక చెట్టు, పిల్ల పక్క చెట్టు. పొదల అవతల నుంచి ఆడగొంతు, పిల్ల పేరు పెట్టి పిలిచింది. ఒక్కసారే.

"ఆఁ! వస్తన్న!" అంది పిల్ల, వెంటనే, బడిలో నేర్చుకున్నట్టు. గంప అక్కడే పెట్టి పరుగెత్తింది.

ఏరిన పువ్వు కాళ్ల కింద తొక్కుకుంటూ, ముళ్లలో పడి పోయాను. చీర చిరిగింది. పొదల అవతల దొరికింది పిల్ల. ఎదురుగా గూడెం ఆమె గంపతో నిలబడి ఉంది. ఆమె కూతురి పేరూ మా పిల్ల పేరే. తన కూతుర్ని పిలుస్తోంది, ఇంకా రెండుసార్లు పిలవాల్సి ఉండగానే మా పిల్ల పోయి నిలబడింది. ఆమె నన్నూ, నా చిరిగిన చీరనూ చూసి, "ఒక్క పిలుపుకే వచ్చేసింది మీ పిల్ల!" అంది. నవ్వలేదు ఆమె. నాకు ఆమె మొహంలో నా మొహమే కనపడింది.

పిల్లను ఒళ్లోకి లాక్కుని కింద కూర్చున్నాను.

"బిడ్డా, బళ్లె ఒక్కసారికే పలుకు. గిక్కడ మూడోసారికే పలుకు. యాది పెట్టుకో."

"సరే నాయనమ్మా." ఇప్పుడు అడగడం వచ్చింది కదా దానికి. "మరి రోడ్డు మీద?"

బొగ్గు లారీల దుమ్ములో ముందు మనిషి కనపడని కాలనీ రోడ్డు తలుచుకున్నాను.

"ఫోన్ల పిలిస్తే? ఫోన్ల మొహం కనపడది గద. పెద్దగై ఎక్కడికో చదువుకోను పోతే, గక్కడ ఎవలన్న పిలిస్తే?"

నా దగ్గర ఉన్న కట్టడి అడవికే సరిపోతుంది. టీచరమ్మ దగ్గర ఉన్నది బడికే సరిపోతుంది. ఈ రెండిటి మధ్య ఉన్న నేలంతా పిల్ల ఒక్కతే నడవాలి, ఏ పిలుపుకు పలకాలో, ఏ పిలుపుకు పలకకూడదో తనే తేల్చుకుంటూ. దానికి గ్రేడ్ ఎవరు వేస్తారు? వేసేలోపు ఏమవుతుంది?

"మొహం చూడు బిడ్డా," అన్నాను చివరికి. "మొహం చూసినంకనే పలుకు." అది సరైన జవాబో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. పిల్ల తల ఊపి, నా ఒళ్లో నుంచి లేచి, తొక్కిన పువ్వులో బాగున్నవి ఏరడం మొదలుపెట్టింది. నేను మాత్రం ఆ పొద్దు దాని గౌను అంచు వదల్లేదు. ఒకప్పుడు అది నా కొంగు పట్టుకునేది.

ఇక లేవండి, పొద్దు పోయింది. మీ ఇంటి పిల్లల పేర్లు ఎప్పుడూ ప్రేమగల నోళ్లలోనే ఉండాలి. వాళ్లను పిలిచే గొంతు వెనక మనిషి ఉండాలి, ఆ మనిషికి మొహం ఉండాలి. మీరు పిలిచిన ప్రతిసారీ లోపలి గదిలోంచి "ఆఁ" అని వినపడాలి. మీ గడప దాటిన ప్రతి కాలూ దీపం వేళకు మళ్లీ మీ గడప ఎక్కాలి.